రెండు ఇంటర్వ్యూలు, ఒక గోగునార మూట

విజయనగరంలో ఒక డిగ్రీ కాలేజీ వాళ్ళు చేతికి అందించిన లెక్చరర్ ఉద్యోగాన్ని వద్దనుకుని తల ఎత్తుకుని బయటికి నడిచొచ్చిన మనిషిని నేను. మా వీధిలో ఇంతటి ఘనకార్యం ఇంకెవరూ చేయలేదు. పీహెచ్‌డీ చివరి ఏడాదిలో, ఫెలోషిప్ ఇంకొన్ని నెలల్లో ఆగిపోబోతుండగా, మరో ఉద్యోగం ఊసు కూడా లేకుండా చేశాను. ధైర్యమంటే అదీ. కాకపోతే ఒక చిన్న చిక్కుంది. నేను ఉద్యోగం వదులుకుందామని నడవలేదు. వెనక్కి పిలుస్తారని నడిచాను.

మాది నరసన్నపేటలో బట్టల దుకాణం. పరుపు మీద బాసింపట్టు వేసుక్కూర్చుని బేరమాడడం నాకు అక్షరాలకంటే ముందు వచ్చింది. కొనేవాళ్ళు ధర నచ్చక లేస్తారు. మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటారు. వాళ్ళు చెప్పుల్లో కాళ్ళు పెట్టేదాకా నాన్న పిలవడు. పెట్టాక, "రండమ్మా, ఇటు రండి, మీ మాటే కానియ్యండి," అంటాడు. వాళ్ళకీ తెలుసు పిలుస్తాడని. అందుకే చెప్పులు వెతకడానికి అంతసేపు పడుతుంది. నా ఇరవై ఏడేళ్ళ జీవితంలో లేచి వెళ్ళిన మనిషిని వెనక్కి పిలవకపోవడం నేను చూడలేదు.

ఆ రోజు కాలేజీ కరస్పాండెంటు గారు జీతం చెప్పారు. బాగానే ఉంది. బాగానే ఉందంటే ఇంకాస్త పెరగడానికి చోటుందని అర్థం కదా. నేను పెంచి అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపారు. నేను ఫైలు మూసి, "ఆలోచించుకుని చెప్తానండి," అని లేచాను. నెమ్మదిగా తలుపు దాకా నడిచాను. వరండాలో వంగి చెప్పుల బకిల్ పెట్టుకున్నాను. తీశాను. మళ్ళీ పెట్టుకున్నాను. లోపల్నుంచి పిలుపు వచ్చింది. తర్వాతి అభ్యర్థి పేరు అది.

గేటు దగ్గర వాచ్‌మన్ నన్నే చూస్తున్నాడు. "ఏటమ్మా, సెప్పు తెగిపోనాదేటి? అలగ ఎదురుగా కుట్టీవోడున్నాడు," అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే నాన్న గల్లా మీద చెయ్యి వేసుకుని నవ్వాడు. బాగా నవ్వాడు. తర్వాత అన్నాడు: "ఒసే, లేచెళ్ళిపోయీది కొనీవోలు. నువ్వు కొండానికి ఎల్లినావా, అమ్మడానికి ఎల్లినావా? పొందూరు నుంచి తానులట్టుకుని మనింటికి అమ్మకానికొచ్చినోలు మూట కట్టుకుని లేచెళ్ళిపోతే నాను పిలిసినానేటి ఎప్పుడైనా?"

"నువ్వు ముందే చెప్పొచ్చు కదా."

"నువ్వడిగినావేటి? పీహెచ్‌డీ సదువుతన్నావు, బేరం కూడా సదువుతన్నావనుకున్నాను." అంటూనే ఆయన పరుపు మీద తన పక్కన కాస్త జరిగాడు. ఆ జరగడం నాకు నచ్చలేదు. అది నాకు చోటు చూపించడం. ఉద్యోగం దొరక్కపోతే ఫెలోషిప్ అయిపోయిన మర్నాటి నుంచి నేను ఆ చోట్లో కూర్చోవాలి. నాన్నకది శిక్షలా అనిపించలేదు, నిజానికి ఆయనకు చాలా ఇష్టం. నాకంటే బాగా చీరలు అమ్మేవాళ్ళు ఇంట్లో లేరు. అందుకే నాకు భయం. ఆ చోట్లో ఒకసారి కూర్చున్నానంటే బాగా కూర్చుంటాను. ఇక లేవను.

కూర్చుంటే పోయేదేమిటంటే, గోగు. మా వైపు మెట్టపొలాల్లో నార కోసం గోగు వేస్తారు. కోసి, కట్టలు కట్టి, చెరువులో ముంచి, పైన రాళ్ళు పెట్టి నానబెడతారు. నారను కర్రకు పట్టి ఉంచే జిగురును నీటిలోని సూక్ష్మజీవులు తినేశాక నార ఊడి వస్తుంది. వారాల తరబడి పని. కంపు. మోకాళ్ళ లోతు నల్లటి నీళ్ళలో నిలబడి వలవాలి. ఆ జిగురును త్వరగా తినే సూక్ష్మజీవుల్ని వెతికి, కలిపి, నానే రోజుల్ని సగానికి తగ్గించగలమా అన్నదే నా పరిశోధన. తగ్గింది కూడా! ప్లాస్టిక్ తొట్టెల్లో తగ్గింది. ఆ రోజు ల్యాబులో నేను గంతులేశాను. మా గైడు మేడమ్ తలుపు తీసి చూసి, మళ్ళీ మూసేసి వెళ్ళారు. అంత సంబరం. కానీ ఆ సంగతి ల్యాబు గోడలు దాటి ఎవరికీ తెలియదు. అందుకు కారణం నేనేనని నాకు అప్పటికి తెలియదు.

కాలేజీ ఉద్యోగం పోయిన నెలలోనే, పరిశోధక విద్యార్థులకు విజయనగరంలో మూడు రోజుల శిక్షణ పెట్టారు. ఉద్యోగాలు వెతుక్కోవడం, రెజ్యూమే రాయడం, నలుగురిలో మాట్లాడడం, ఇంటర్వ్యూలు. మేడమ్ నా పేరు రాసి పంపేశారు. "మీకు సరుకుంది, అమ్మడం రావడం లేదు," అన్నారు. బట్టల దుకాణం పిల్లతో అనాల్సిన మాటేనా అది? ఉడుక్కుంటూనే బస్సెక్కాను.

నాతోపాటు పక్క ల్యాబులో భౌతికశాస్త్రం చేసే స్నేహితుడు వచ్చాడు. శ్రీకాకుళంలో బాప్టిస్టు సంఘంలో పుట్టి పెరిగినవాడు. నడక వచ్చినప్పటి నుంచి ఆదివారం బడిలో నిలబెట్టి మాట్లాడించారేమో, మైకు కనిపిస్తే చాలు ముఖం వెలిగిపోతుంది. నన్ను సావుకారమ్మా అని పిలుస్తాడు. దారి పొడవునా, "సావుకారమ్మా, ఈసారి సెప్పులు లోపలికే అట్టుకెల్లు, బయట వొగ్గీకు," అని నా ప్రాణం తీశాడు.

శిక్షణ ఇచ్చినామె రసాయనశాస్త్రంలో పీహెచ్‌డీ చేసి, చాలా ఏళ్ళు కంపెనీల్లో పనిచేసి, ఎంతోమందిని ఉద్యోగాల్లోకి తీసుకున్న మనిషి. ఖాదీ చీర, చేతిలో స్టీలు గ్లాసు, స్పూను. టైము అయిపోతే స్పూనుతో గ్లాసు మీద కొట్టేది. మొదటి రోజు మధ్యాహ్నం అందరి రెజ్యూమేలూ బల్ల మీద పరిచింది. నాదే అన్నిటికంటే లావు. నాకు కాస్త గర్వంగానే ఉంది. ఆమె తిరగేసి, "హైస్కూల్లో లెమన్ అండ్ స్పూన్ రెండో బహుమతి. ఇది ఎందుకండీ?" అంది.

"ఉండనివ్వండి, ఎవరికైనా పనికొస్తుందేమో."

హాలంతా నవ్వింది. దుకాణంలో మేం అలాగే చేస్తాం. పసిపిల్లల జుబ్బా నుంచి పెద్దవాళ్ళ ధోవతి దాకా అన్నీ బోర్డు మీద రాయిస్తాం, ఏది చూసి ఎవరు లోపలికొస్తారో తెలియదు కాబట్టి. ఆమె పెన్నుతో కొట్టేస్తూ పోయింది. ఎంబ్రాయిడరీ పోయింది. టైపింగు లోయరు పోయింది. "తెలుగు, ఇంగ్లీషు, కొద్దిగా ఒడియా" అన్నది మాత్రం ఉంచింది. ఒడియా కొనేవాళ్ళ దగ్గర నేర్చుకున్నది. "ఇది ముందుకు తెండి. రైతులతో మాట్లాడే పనికి ఇదే విలువ," అంది. లావు పోయి రెండు కాగితాలు మిగిలాయి. ఏడుపొచ్చింది. సాయంత్రం తీరిగ్గా చదువుకుంటే ఆ రెండు కాగితాల్లో నేను కనిపిస్తున్నాను. అదివరకటి దాంట్లో దుకాణమే కనిపించేది.

రెండో రోజు అసలు పరీక్ష. రెండు నిమిషాల్లో నీ పరిశోధన, దాని గురించి ఏమీ తెలియని మనిషికి చెప్పాలి. నేను లేచాను. గోగు మొక్క శాస్త్రీయ నామం చెప్పాను. నార పంటలు మన దేశంలో ఎక్కడెక్కడ పండుతాయో చెప్పాను. పూర్వం ఎవరెవరు దీని మీద పని చేశారో చెప్పాను. ఇక అసలు సంగతి తీద్దామని గొంతు సవరించుకునేలోపు గ్లాసు మోగింది.

"మీరేం కనుక్కున్నారు?" అందామె.

"అది చివర్లో ఉందండి."

"చివర్లో ఎందుకు పెట్టారు?"

"మంచిది చివర్లోనే తీస్తామండి," అన్నాను. అదేదో అందరికీ తెలిసిన సంగతి అన్నట్టు.

ఆమెకు అర్థం కాలేదు. నా స్నేహితుడు లేచి అందరికీ వినపడేలా వివరించాడు. "వాళ్ళది బట్టల కొట్టండి. ముందు నాసిరకం పరుస్తారు. తర్వాత ఓ మోస్తరువి. కొనీవోలు విసుగెత్తి లేస్తన్నప్పుడు లోపలి బీరువా తీసి అసలు చీర తెస్తారు. ఈమె సూక్ష్మజీవుల్ని కూడా బీరువాలో పెట్టీసినాది!"

నవ్వులు ఎంతకీ ఆగలేదు. నేనూ నవ్వాను. కానీ వాడన్నది అక్షరాలా నిజం. సదస్సుల్లో నేనిచ్చిన ప్రసంగాలన్నీ అలాగే ముగిశాయి. ప్రతిచోటా చివరి స్లైడు దగ్గరికి రాకముందే అధ్యక్షుడు గడియారం చూపించేవాడు. నా పని ఎవరికీ పట్టలేదని అన్నాళ్ళూ బాధపడ్డాను. వాళ్ళకు నేను చూపిస్తే కదా! చీరలు కొనడానికొచ్చినవాళ్ళు సాయంత్రమంతా కూర్చుంటారు. ఉద్యోగమిచ్చేవాళ్ళు కూర్చోరు. వాళ్ళకు ముందు పరిచిందే సరుకు.

టీ విరామంలో ఆమె దగ్గరికి పరిగెత్తాను. "ముందే పెడతానండి. మళ్ళీ చెప్పనివ్వండి."

"రేపు చెప్పండి. ఈలోగా మీ శాస్త్రం తెలియనివాళ్ళకు చెప్పి చూడండి. వాళ్ళు ఏ మాట దగ్గర మీ వైపు తిరిగారో గుర్తు పెట్టుకోండి. రెండో మాట అక్కడి నుంచి మొదలుపెట్టండి."

ఆ సాయంత్రం నేను ఎవరినీ వదల్లేదు. మొదటి ఇంటర్వ్యూ రోజున కాలేజీ వెదుకుతూ నడిచిన వీధుల్లోనే, గంటస్తంభం దగ్గర పళ్ళబండి ఆయనకు చెప్పాను. బస్సులో పక్క సీటామెకు చెప్పాను. ఆమె మర్యాదగా వింటూ కళ్ళు మూసుకుంది. అక్కడ మాట మార్చాలని గుర్తు పెట్టుకున్నాను. ఆటో అతనికి చెబితే, "మేడం, దిగీది ఎక్కడో సెప్పండి ముందు," అన్నాడు. ముందు చెప్పాల్సింది ముందు చెప్పాలని అతనికి కూడా తెలుసు!

మూడో రోజు నా వంతు వచ్చినప్పుడు నిలబడి, "గోగు నానడానికి పట్టే రోజుల్ని సగం చేసే సూక్ష్మజీవులు నా దగ్గర ఉన్నాయి," అన్నాను. హాల్లో తలలు లేచాయి. నిజంగా లేచాయి, నేను చూశాను. ఆ తర్వాత ఏం చెప్పానో నాకే గుర్తులేదు. గ్లాసు మోగేసరికి చెప్పాల్సింది అయిపోయింది. ప్రశ్నలడిగారు! నా జీవితంలో మొదటిసారి నన్ను ప్రశ్నలడిగారు. తిరుగు బస్సులో నేను నోరు మూయలేదు. "సావుకారమ్మా, కాస్త ఊపిరి తీస్కో, రణస్థలం వచ్చీసినాది," అని వాడు కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ ఊపులో ఆదివారం దుకాణంలో కూర్చున్నాను. లంగా గుడ్డ కొనడానికి ఒక రైతు ఇల్లాలు వచ్చింది. గోగు వేస్తారని మాటల్లో తెలిసింది. నేను తాను చింపడం ఆపి మొదలెట్టాను. ఆమె నా వైపు పూర్తిగా తిరిగింది.

"నిజమేటమ్మా? సగం రోజుల్లోనా?"

"నిజమే పిన్నీ."

"ఆ మందు ఎక్కడ దొరుకుతాది? మా ఈదిలో అందరం కొంతాం. ఆ నీల్లలో నిలబడి నిలబడి నా కాల్లు సూడు."

దుకాణంలో పుట్టి పెరిగినదాన్ని. సరుకు అడిగినవాళ్ళను "లేదు" అని పంపడం మాకు చావుతో సమానం. "ఇంకా తయారవలేదు పిన్నీ. తొట్టెల్లో కుదిరింది, చెరువులో ఇంకా కుదరలేదు," అన్నాను. ఆమె గుడ్డ తీసుకుని వెళ్ళిపోయింది. నాన్న నన్ను చూస్తూ, "కొనీవోలు గుమ్మంలో ఉన్నారు, నీకాడ సరుకు లేదు. ఇదేం యాపారమే?" అన్నాడు. ఎగతాళిగానే అన్నాడు. నాకు మాత్రం ఒక సంగతి స్పష్టంగా తెలిసింది. విజయనగరంలో నేను జారవిడిచింది జీతం. నాకు కావాల్సిన పని అది కాదు. తొట్టె నుంచి చెరువు దాకా తీసుకెళ్ళే పని కావాలి.

అలాంటి పని ఎక్కడుంది? శిక్షణ ఇచ్చినామె ఒక మాట చెప్పింది: ఖాళీల ప్రకటన కోసం ఎదురుచూడొద్దు, మీ పని అవసరమైనవాళ్ళు ఎవరో వెతికి వాళ్ళకు రాయండి. నేను రాయడం మొదలుపెట్టాను. ఉత్తరాలు పొట్టిగా, మొదటి వాక్యంలోనే సరుకు. చాలామంది జవాబివ్వలేదు. ఒక్క చోటి నుంచి వచ్చింది. శ్రీకాకుళంలో గోగు రైతులతో పనిచేసే ఒక ప్రాజెక్టువాళ్ళు, శాస్త్ర సహాయకుల పోస్టు ఒకటి కొత్తగా వస్తోంది, ఇంటర్వ్యూకు రండి అన్నారు. మెయిలు చదివి ఇంట్లో అరిచిన అరుపుకు పక్క కొట్టు చెప్పుల షాపాయన పరిగెత్తుకొచ్చాడు.

ఇంటర్వ్యూకు ఒక మూట కట్టుకెళ్ళాను. చీరలు చుట్టే పాత గుడ్డలో రెండు చిన్న నార కట్టలు. ఒకటి చెరువులో మామూలుగా నానింది, ఒకటి నా తొట్టెలో నానింది. లోపల ముగ్గురు కూర్చున్నారు. తలనెరిసిన శాస్త్రవేత్త ఒకాయన, ప్రాజెక్టు నడిపే అధికారిణి, లెక్కలు చూసే ఆయన. నమస్కారం పెట్టి, కూర్చోకుండానే చెప్పాల్సిన వాక్యం చెప్పి, మూట విప్పి బల్ల మీద పరిచాను. ముగ్గురి చేతులూ నార మీదికి వచ్చాయి. పెద్దాయన పోచను రెండు చేతుల మధ్య లాగి చూశాడు. అధికారిణి వాసన చూసింది. కొనేవాళ్ళ చేతులు సరుకు మీదికి రావడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

"బాగుంది. చెరువులో పనిచేస్తుందా?" అన్నాడు పెద్దాయన.

మా దుకాణంలో ఈ ప్రశ్నకు ఒకటే జవాబు. రంగు పోతుందా అంటే గ్యారంటీ, కుంచించుకుపోతుందా అంటే గ్యారంటీ. ఆ మాట నా ప్రమేయం లేకుండానే నోట్లోకి వచ్చేస్తుంది. వచ్చింది కూడా. పెదవుల దాకా వచ్చింది. ఆ లంగా గుడ్డ ఇల్లాలి కాళ్ళు గుర్తొచ్చాయి. ఈయన నమ్మి ఉద్యోగమిస్తే, రేపు నేను ఆమె చెరువులోనే ఆ మందు పోయాలి.

"ఒక్క చెరువులో చూశానండి. ఒకసారి పనిచేసింది. ఇంకోసారి నార నల్లబడి పాడైపోయింది."

"ఎందుకు?"

"తెలియదండి. నీళ్ళ లోతు వల్లో, చల్లదనం వల్లో. తెలుసుకోవాలంటే చాలా చెరువుల్లో వేసి చూడాలి. ఆ పని కోసమే వచ్చాను."

లెక్కలాయన వెనక్కి వాలాడు. "అంటే మీ దగ్గర ఇంకా ఖాయమైనది ఏమీ లేదు."

"లేదండి."

పోయిందనుకున్నాను. అప్పుడు పెద్దాయన నల్లబడిన నార ఎలా ఉందో, ఎన్ని రోజులకు తెలిసిందో, ఏం చేసి చూశానో అడగడం మొదలెట్టాడు. నేను చెప్పడం మొదలెట్టాను. చెడిపోయిన సరుకు గురించి ఇంతసేపు, ఇంత హుషారుగా మాట్లాడడం మా వంశంలో మొదటిసారి అయ్యుంటుంది. చివర్లో మీరేమైనా అడగాలా అన్నారు. శిక్షణలో నేర్పిన ప్రశ్నలు అడిగాను: నేను ఎవరి కింద పనిచేస్తాను, పోస్టు ఎన్నాళ్ళు, చెరువులు నేనే ఎంచుకోవచ్చా. ఆఖరిదానికి అధికారిణి నవ్వింది. "ఎంచుకోండి. నడవగలిగినన్ని."

ఫోను తర్వాతి వారం వచ్చింది. నేను దుకాణంలోనే ఉన్నాను. పెళ్ళి బట్టల బేరం నడుస్తోంది, మంచి వేడి మీద ఉంది. "మిమ్మల్ని తీసుకుంటున్నాం. జీతం ఇంత," అని అధికారిణి చెబుతుండగానే, ఆ అంకె పూర్తి కాకముందే "సరేనండీ!" అన్నాను. నేనే అన్నాను. ఒక్క మాట పెంచి అడగకుండా, ఒక్క క్షణం ఆలోచించినట్టు నటించకుండా. ఫోను పెట్టేసి, "నాన్నా, వచ్చీసినాది!" అని కేక వేశాను. నాన్న లేచి నిలబడి, "ఏటి? ఏటి వచ్చినాది?" అంటున్నాడు. ఆ గందరగోళంలో పెళ్ళివారు వాళ్ళు చెప్పిన ధరకే పట్టుచీరలు కట్టించుకున్నారు. నాన్న సరేననేశాడు.

ఇక లెక్క తేల్చేద్దాం, దాచకుండా.

జీతం కాలేజీవాళ్ళు చెప్పినదానికంటే తక్కువ. అదీ ఏడాదికోసారి కొనసాగించే కాంట్రాక్టు. నా తర్వాత ఆ గదిలోకి పిలుపందుకున్న అమ్మాయి ఆ కాలేజీలో స్థిరపడింది. నాకు ఈరోజుకీ స్థిరమైన ఉద్యోగం లేదు. చెరువుల వెంట తిరగడంతో థీసిస్ అనుకున్నదానికంటే ఆలస్యంగా ఇచ్చాను, మేడమ్‌తో మాటలు పడ్డాను. పెళ్ళిళ్ళ కాలంలో దుకాణంలో ఒక మనిషి తగ్గింది, నాన్న జీతమిచ్చి ఇంకొకరిని పెట్టుకోవాల్సొచ్చింది. మందు లోతు తక్కువున్న చెరువుల్లో బాగా పనిచేస్తోంది. లోతున్న వాటిలో ఇప్పటికీ మొరాయిస్తోంది, కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. రాబడి వైపు: ఏం చేస్తున్నావని ఎవరడిగినా రెండు నిమిషాల్లో చెప్పగలను, విన్నవాళ్ళు కళ్ళు మూసుకోరు. కొన్ని ఊళ్ళలో గోగు కోతల కాలం వస్తే నాకు ఫోన్లు వస్తాయి. పొద్దున్నే బస్సుకు నేను పరిగెత్తుకుంటూ వెళ్తాను, బస్సు వెళ్ళిపోతుందని కాదు. రెండు వైపులా వేసి చూస్తే రూపాయల్లో నేను నష్టంలోనే ఉన్నాను, అదీ తక్కువ నష్టం కాదు.